మీకు తెలుసా? ఆరు ఒలింపిక్స్, ఆరు పతకాలు!

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో డబుల్ ట్రాప్ స్వర్ణం గెలిచేనాటికి అమెరికా షూటర్ కిమ్ రోడ్‌కు 17 ఏళ్లే. సిడ్నీలో కాంస్యం, ఏథెన్స్‌లో మళ్లీ స్వర్ణం.

ఆ తర్వాత మహిళల డబుల్ ట్రాప్‌ను ఒలింపిక్స్ నుంచే తీసేశారు. మరొకరైతే తుపాకీ పక్కన పెట్టేవారేమో! రోడ్ మాత్రం స్కీట్‌పై గురిపెట్టింది. ఇందులో రెండు వైపుల నుంచి గాల్లోకి దూసుకొచ్చే మట్టి పలకలను, స్థానాలు మారుతూ పేల్చాలి. 2008 బీజింగ్‌లో రజతం దక్కింది. అదే ఏడాది, నాలుగు ఒలింపిక్స్‌లో తోడున్న తుపాకీ చోరీ అయింది. అభిమానులు చందాలు వేసుకుని కొత్తది కొనిచ్చారు.

2012 లండన్‌లో ఆమె 100కు 99 పలకలు పగలగొట్టి ప్రపంచ రికార్డును సమం చేస్తూ స్వర్ణం గెలిచింది. 2016 రియోలో కాంస్యంతో, వరుసగా ఆరు ఒలింపిక్స్‌లో వ్యక్తిగత పతకాలు సాధించిన తొలి మహిళగా నిలిచింది.