జీర్ణాశయంలోకి దూరే పేగు

అల్సర్‌కు ఆపరేషన్ చేసి చిన్నపేగును జీర్ణాశయానికి కలిపి కుట్టినవారిలో, అరుదుగా ఆ పేగు కుట్టిన దారిలోంచే జీర్ణాశయంలోకి దూరుతుంది. దీన్ని వైద్యులు జెజునోగ్యాస్ట్రిక్ ఇంటస్ససెప్షన్ అంటారు. ఇలాంటి ఆపరేషన్ అయిన వెయ్యిమందిలో ఒకరికైనా వస్తుందో రాదో. అందుకే సర్వీసంతా చేసినా ఒక్క కేసూ చూడని సర్జన్లే ఎక్కువ. 1914లో బొజ్జి అనే వైద్యుడు దీన్ని మొదట వర్ణించారు.

పేగును జీర్ణాశయానికి కలిపే గ్యాస్ట్రోజెజునాస్టమీని 1881లో వియన్నాలో ఆంటన్ వోల్ఫ్లర్ మొదలుపెట్టారు. చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినంలో పుండు పడి, మానిన మచ్చ బిగుసుకుని దారి మూసుకుపోతే, తిన్నది కిందికి దిగడానికి ఇదే పక్కదారి. వరి అన్నం తినే దక్షిణాదిలో ఈ పుండు ఎక్కువగా ఉండేది. 1922, 1924 ఎవరెస్ట్ యాత్రల్లో పాల్గొన్న సర్జన్ హోవార్డ్ సోమర్‌వెల్ తిరువాంకూరులోని నెయ్యూరు ఆసుపత్రిలో ఈ రోగులకు పెద్ద సంఖ్యలో ఆపరేషన్లు చేశారు. తర్వాతి దశాబ్దాల్లో జీర్ణాశయంలో ఆమ్లం ఊరేలా చేసే వేగస్ నరాన్ని కోసి, దాంతోపాటు ఈ పక్కదారి వేయడం అల్సర్‌కు మామూలు చికిత్స అయింది. 1982లో వారెన్, మార్షల్ అల్సర్‌కు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియాను గుర్తించాక, ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ వంటి మాత్రలు వచ్చాక ఈ కోతలు బాగా తగ్గాయి. ఆపరేషన్ తగ్గినా, చేయించుకున్నవారు మన మధ్యే ఉన్నారు. నందివాడలోనైనా, దివిసీమలోనైనా పెద్దవయసు మనిషికి బొడ్డు పైన నిలువుగా పాత కుట్టు మచ్చ కనిపిస్తే, అది ఎప్పుడు, దేనికి పడిందో అడగాలి. ఆపరేషన్ కాగితాలు ఎప్పుడో పోయి ఉంటాయి.

కుట్టిన చోట పేగుకు రెండు పాయలుంటాయి: పైత్యరసం తెచ్చేది ఒకటి, ఆహారాన్ని ముందుకు తీసుకెళ్లేది మరొకటి. నూటికి ఎనభై కేసుల్లో దూరేది ఈ రెండోదే. చొక్కా చెయ్యి లోపలికి మడతపడినట్టు, పేగు తనలోకి తాను ముడుచుకుంటూ వెనక్కి నడిచి జీర్ణాశయంలోకి వస్తుంది. పేగు కదలిక ఎదురు తిరగడమే దీనికి కారణమని ఎక్కువమంది భావిస్తారు. ఆపరేషన్ అయిన కొద్దిరోజులకే రావచ్చు, ముప్పై ఏళ్ల తర్వాతా రావచ్చు.

ఉన్నట్టుండి పైకడుపులో మెలిపెట్టే నొప్పి, ఆగని వాంతులు, కాసేపటికి వాంతిలో రక్తం. ఎడమ పక్కటెముకల కింద గడ్డలా చేతికి తగలవచ్చు. నొప్పి, రక్తపు వాంతి, గడ్డ మూడూ కలిసి కనిపించేది కొందరిలోనే. ఇంకొందరిలో పేగు దూరి, దానంతటదే జారిపోతుంది. తిన్నాక నొప్పి వస్తుంది, వాంతి అయితే తగ్గుతుంది, నొప్పి లేనప్పుడు తీసిన స్కానింగ్‌లో ఏమీ ఉండదు. గ్యాస్ ట్రబుల్ అనుకుని ఏళ్ల తరబడి మాత్రలు మింగేది వీరే.

ఎండోస్కోపీలో విషయం వెంటనే తేలుతుంది. కుట్టిన ద్వారం లోంచి ఉబ్బిన పేగు మడతలు జీర్ణాశయంలోకి పొడుచుకొచ్చి ఉంటాయి. రక్తప్రసరణ ఆగుతున్నకొద్దీ ఎరుపు ఊదాగా, ఊదా నలుపుగా మారుతుంది. సీటీ స్కాన్‌లో పేగులో పేగు వలయాలుగా కనిపిస్తుంది. ముక్కులోంచి గొట్టం వేసి, సెలైన్ ఎక్కించి, ఆలస్యం చేయకుండా పొట్ట తెరవాలి. పేగు బతికే ఉంటే మెల్లగా వెనక్కి లాగి, మళ్లీ దూరకుండా పక్క కణజాలానికి కుడతారు. కుళ్లితే ఆ భాగం తీసేసి, కలయికను కొత్తగా వేస్తారు. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు ఆపరేషన్ జరిగినవారిలో మరణాలు 10 శాతం వరకు, దాటితే 50 శాతం దాకా ఉంటాయని వైద్య గ్రంథాలు చెబుతాయి.

కాబట్టి పాత కడుపు ఆపరేషన్ ఉన్నవారు రక్తం కక్కితే ఊళ్లో ఇంజక్షన్ వేయించుకుని తెల్లారేదాకా చూడకూడదు. 108కు ఫోన్ చేసి, ఎండోస్కోపీ, సర్జన్ రెండూ ఉన్న ఆసుపత్రికి చేరాలి. అక్కడ డాక్టరు అడగకపోయినా ఆ కుట్టు మచ్చ చూపించి, ఆపరేషన్ సంగతి మొదటే చెప్పండి.