సినిమా గురించి ఇంగ్లీషులో: ఏ విశేషణం ఏ నామవాచకంతో?

ఉద్యోగం ఇంటర్వ్యూలో మీరు ఈ మధ్య చూసిన సినిమా గురించి నాలుగు మాటలు ఇంగ్లీషులో చెప్పమన్నారనుకోండి. మనలో చాలామంది జవాబు ఇలా ఉంటుంది: స్టోరీ గుడ్, యాక్టింగ్ గుడ్, మ్యూజిక్ వెరీ గుడ్, క్లైమాక్స్ సూపర్. ఈ జవాబు మాయాబజార్‌కూ సరిపోతుంది, నిన్న విడుదలైన దెయ్యాల సినిమాకూ సరిపోతుంది. విన్నవారికి సినిమా గురించి గాని, మీ అభిరుచి గురించి గాని ఏమీ తెలియదు. అదే ప్రశ్న తెలుగులో అడిగితే మీరు పది నిమిషాలు మాట్లాడతారు. కథనం పట్టు తప్పిందంటారు, సెకండాఫ్ సాగదీశారంటారు, మాటలు పదునుగా ఉన్నాయంటారు. మీకు అభిప్రాయం ఉంది. దాన్ని మోసే మాటల జతలే ఇంగ్లీషులో అందడం లేదు. ఈ భాగంలో ఆ జతలను పరిశీలిద్దాం.

తెలుగులో 'కుండపోత వర్షం' అంటాం, 'కుండపోత గాలి' అనం. 'ఘన విజయం' అంటాం, 'ఘోర పరాజయం' అంటాం. 'ఘోర విజయం' అంటే నవ్వుతారు. ఇవి మనకు ఏ వ్యాకరణ పుస్తకమూ నేర్పలేదు, విని విని అలవాటైనవి. ఇలా కొన్ని మాటలు కలిసి నడవడాన్ని భాషాశాస్త్రంలో 'కొలొకేషన్' అంటారు. ఒక మాట అర్థం అది చేసే సావాసాన్ని బట్టి కూడా తెలుస్తుందని బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జె. ఆర్. ఫర్త్ నొక్కి చెప్పారు. పాఠంలో సౌలభ్యం కోసం వీటిని 'జతలు' అందాం. ఇంగ్లీషు మాటలను ఇక్కడ పలికే తీరులో ఇస్తున్నాం. స్పెల్లింగులను నిఘంటువులో చూసి మీ నోటుబుక్కులో రాసుకోండి.

ఇబ్బంది ఎక్కడ వస్తుందో 'భారీ' అనే ఒక్క మాటతో చూద్దాం. సినిమా వార్తల్లో ఈ మాట లేని రోజు ఉండదు. భారీ బడ్జెట్, భారీ సెట్టింగులు, భారీ తారాగణం, భారీ అంచనాలు, భారీ విజయం. తెలుగులో అన్నిటికీ ఒకటే విశేషణం. 'భారీ వర్షం' ఇంగ్లీషులో 'హెవీ రెయిన్' కాబట్టి, మిగతావాటికీ 'హెవీ' తగిలిద్దామని అనిపిస్తుంది. అక్కడే తప్పు జరుగుతుంది. సినిమా 'బిగ్ బడ్జెట్' అవుతుంది. సెట్టింగులు 'లావిష్ సెట్స్' అవుతాయి. ఎందరో పేరున్న తారలుంటే 'స్టార్ స్టడెడ్ కాస్ట్' అంటారు, ఊరికే మనుషులు ఎక్కువైతే 'లార్జ్ కాస్ట్' చాలు. అంచనాలకు వాడేది 'హై'. 'హై ఎక్స్‌పెక్టేషన్స్' అనాలే తప్ప 'హెవీ ఎక్స్‌పెక్టేషన్స్' అనకూడదు. విజయం 'హ్యూజ్ సక్సెస్' లేదా 'గ్రేట్ సక్సెస్' అవుతుంది. మన పోస్టర్ల మీద కనిపించే 'గ్రాండ్ సక్సెస్' మన దేశపు ఇంగ్లీషులో బాగా చెల్లుబాటవుతుంది. బయటివారికి అర్థమవుతుంది గాని, వారు అలా అనడం అరుదు. వారి నోట 'గ్రాండ్' ఎక్కువగా 'ఫినాలే' పక్కన వినిపిస్తుంది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పై జతల్లో విశేషణాన్ని నిర్ణయిస్తున్నది నామవాచకమే. అందుకే విశేషణాల పట్టిక కంఠస్థం చేయడం వల్ల పెద్దగా లాభం ఉండదు. నామవాచకం దగ్గర మొదలుపెట్టి, దానితో ఏ విశేషణాలు కూడతాయో చూడాలి. 2002లో మొదట వెలువడిన ఆక్స్‌ఫర్డ్ కొలొకేషన్స్ డిక్షనరీలో కూడా 'ప్లాట్' అన్న మాట కిందకి వెళితే దానితో వాడే విశేషణాలు దొరుకుతాయి. మామూలు నిఘంటువులో మాట అర్థం వెతుకుతాం, ఇందులో మాటకు తోడు వెతుకుతాం.

ఇప్పుడు మనకు తెలిసిన రెండు సినిమాలను తీసుకుందాం. 1957 నాటి మాయాబజార్‌లో ఘటోత్కచుడిగా ఎస్. వి. రంగారావు తెరమీదకు రాగానే చూపు ఆయన మీదే నిలుస్తుంది. దానికి ఇంగ్లీషు జత 'కమాండింగ్ ప్రెజెన్స్'. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించాక సావిత్రి ఆడపిల్ల రూపంలో ఆ రాక్షసుడి ఠీవిని చూపిస్తుంది. ఎక్కడ ఉరమాలో, ఎక్కడ తడబడి సర్దుకోవాలో ఆమెకు కొలిచినట్టు తెలుసు. ఇది 'ఇంపెకబుల్ టైమింగ్'. వంటకాలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లే దృశ్యం 'స్పెషల్ ఎఫెక్ట్స్' అన్న జతకు మంచి ఉదాహరణ. 'స్పెషల్' బదులు అర్థం దగ్గరగా ఉందని 'పర్టిక్యులర్' పెడితే జత చెడిపోతుంది.

1980లో వచ్చిన శంకరాభరణం వేరే రకం సినిమా. జె. వి. సోమయాజులు నటనలో ఆర్భాటం లేదు. చిన్న కదలికతో, ఒక చూపుతో చెబుతారు. దాన్ని 'గుడ్ యాక్టింగ్' అంటే అసలు విషయం జారిపోతుంది. 'అండర్‌స్టేటెడ్ పెర్ఫార్మెన్స్' అనండి. కథ నింపాదిగా నడుస్తుంది. 'స్లో పేస్' అంటే చాలాసార్లు ఫిర్యాదుగా వినిపిస్తుంది, 'అన్‌హరీడ్ పేస్' అంటే మెచ్చుకోలు. సినిమా అదే, నడక అదే. మీరు ఎంచుకున్న విశేషణం మీ తీర్పును చెప్పేస్తుంది. మొదట్లో పలచగా ఉన్న థియేటర్లు నోటిమాట మీద నిండిన ఇలాంటి సినిమాను 'స్లీపర్ హిట్' అంటారు.

కొన్ని జతల్లో విశేషణాన్ని విడిగా అనువదిస్తే అర్థం తప్పుతుంది. 2023లో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది 'ఒరిజినల్ సాంగ్' విభాగంలో. ఇక్కడ 'ఒరిజినల్' అంటే నకిలీ కానిది అని కాదు, ఆ సినిమా కోసమే కొత్తగా రాసి స్వరపరచినది అని. 'సపోర్టింగ్ యాక్టర్'ను మనం 'సహాయ నటుడు' అన్నాం కదా అని, తిరిగి ఇంగ్లీషులో 'హెల్పింగ్ యాక్టర్' అనకండి.

నచ్చని సినిమా గురించి మాట్లాడటానికి జతలు ఇంకా అవసరం. 'బ్యాడ్' అనేస్తే మాట తెగిపోతుంది, ఎక్కడ బాగాలేదో చెబితే సంభాషణ సాగుతుంది. ముందే ఊహించగలిగిన కథ 'ప్రెడిక్టబుల్ ప్లాట్'. నమ్మశక్యం కానిది 'ఫార్ ఫెచ్డ్ స్టోరీ'. కర్రలా బిగుసుకుపోయిన నటన 'వుడెన్ యాక్టింగ్'. తెలుగు, ఇంగ్లీషు ఒకే దారిలో నడిచే చోట్లూ ఉన్నాయి. మన 'పదునైన సంభాషణలు' అక్కడ 'షార్ప్ డైలాగ్', 'వెంటాడే బాణీ' అక్కడ 'హాంటింగ్ మెలొడీ'. అన్నట్టు, 'హీరో చెప్పిన ఆ డైలాగ్' అని మనం దేన్నంటామో ఇంగ్లీషులో అది 'లైన్'. సంభాషణ మొత్తం కలిపి 'డైలాగ్', సాధారణంగా ఏకవచనంలోనే వాడతారు. కాబట్టి గుర్తుండిపోయే ఒక్క మాటకు 'మెమరబుల్ లైన్' అనాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

కింది అభిప్రాయాన్ని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలుగా రాయండి. 'గుడ్', 'బ్యాడ్', 'సూపర్' వాడకండి.

సినిమా భారీ అంచనాల మధ్య విడుదలైంది. కథ ముందే తెలిసిపోతుంది. నేపథ్య సంగీతం మాత్రం ఇంటికి వచ్చాక కూడా వెంటాడుతుంది. విమర్శకుల్లో కొందరు మెచ్చుకున్నారు, కొందరు పెదవి విరిచారు.

జవాబు సూచన: మొదటి మూడు జతలకు కావలసిన విశేషణాలు ఈ పాఠంలోనే ఉన్నాయి. సంగీతానికి 'స్కోర్' అన్న నామవాచకం వాడి చూడండి. నాలుగో దానికి జత 'మిక్స్‌డ్ రివ్యూస్'. రాశాక పైకి చదవండి. తరువాత మీరు నిజంగా చూసిన సినిమా ఒకటి తీసుకుని, ముందు నామవాచకాలు మాత్రమే రాసుకుని, ఒక్కొక్కదాని పక్కన విశేషణం చేర్చండి.