మౌస్ దానంతటదే కదిలింది!

2015 డిసెంబరు 23, పశ్చిమ ఉక్రెయిన్. ఓ విద్యుత్ పంపిణీ సంస్థ కంట్రోల్ రూమ్‌లో ఉద్యోగి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మౌస్ మీద చెయ్యి లేదు. అయినా తెరమీద బాణం గుర్తు కదిలింది. ఒక్కో సబ్‌స్టేషన్ బ్రేకర్ దగ్గరకు వెళ్లడం, నొక్కడం, కరెంటు తీసేయడం! ఆపుదామని చూస్తే పాస్‌వర్డ్ మార్చేశారు. ఆరోజు మూడు సంస్థల్లో ఇదే తంతు. దాదాపు 2.25 లక్షల కనెక్షన్లకు సరఫరా ఆగిపోయింది. ఫిర్యాదు చేద్దామంటే ఫోను కలవదు. కాల్‌సెంటర్‌ని దొంగకాల్స్‌తో నింపేశారు మరి.

ఇంతకీ హ్యాకర్లు లోపలికెలా వచ్చారు? కొన్ని నెలల ముందు ఉద్యోగులకు వచ్చిన ఈమెయిల్‌లో ఓ మామూలు ఫైలు ఉంది. దాన్ని తెరవడమే వాళ్లు చేసిన తప్పు. చివరికి సిబ్బంది సబ్‌స్టేషన్లకు పరుగెత్తి చేత్తో స్విచ్‌లు వేస్తే కొన్ని గంటల్లో కరెంటొచ్చింది. అన్నీ కంప్యూటర్‌కే అప్పగించకపోవడం కలిసొచ్చిందన్నమాట.

కంప్యూటర్ కూడా అక్కర్లేదు, తుపాకీ చాలని అంతకు రెండేళ్ల ముందే అమెరికాలో తేలింది. 2013 ఏప్రిల్ 16న కాలిఫోర్నియాలోని మెట్‌కాఫ్ సబ్‌స్టేషన్ దగ్గర దుండగులు ముందు టెలిఫోన్ కేబుళ్లు కోశారు. తర్వాత వందకు పైగా గుళ్లు పేల్చారు. 17 ట్రాన్స్‌ఫార్మర్లు దెబ్బతిన్నాయి. వాటిని చల్లబరిచే నూనె కారిపోయింది. వేరే దారిలో కరెంటు మళ్లించారు కాబట్టి ఊళ్లు చీకటి కాలేదుగానీ మరమ్మతులకు దాదాపు నెల పట్టింది. నార్త్ కరోలినాలోని మూర్ కౌంటీకి ఆ అదృష్టం లేదు. 2022 డిసెంబరు 3న అక్కడ రెండు సబ్‌స్టేషన్లపై కాల్పులు జరిగితే సుమారు 45 వేల కనెక్షన్లకు కరెంటు పోయింది. చలికాలంలో నాలుగు రోజులు అవస్థలు. రాత్రిపూట కర్ఫ్యూ కూడా పెట్టారు.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ దుకాణంలో దొరికే సరుకు కాదు. వందల టన్నుల బరువు. ఆర్డరిచ్చాక చేతికి రావడానికి ఏడాది పైనే పట్టొచ్చు. కాబట్టి పోయాక కొనేకన్నా ముందే గోడ కట్టడం, కెమెరాలు పెట్టడం నయం. కానీ డబ్బెవరిస్తారు? మెట్‌కాఫ్ యజమాని పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ పెద్ద కంపెనీ. తన సబ్‌స్టేషన్ల భద్రతకు మూడేళ్లలో 10 కోట్ల డాలర్లు ఖర్చుపెడతానని 2014లో ప్రకటించింది. బిల్లులు కట్టే జనం లక్షల్లో ఉన్నారు కాబట్టి చెల్లింది.

పల్లెల సంగతే వేరు. అమెరికాలో గ్రామాలకు కరెంటిచ్చేది ఎక్కువగా సహకార సంఘాలే. వినియోగదారులే సభ్యులు, వాళ్లే యజమానులు. మనకిది కొత్తేం కాదు, ఆ సంఘాల నమూనాలోనే 1970లో సిరిసిల్లలో ‘సెస్’ మొదలైంది. అలాంటి సంఘాలు అక్కడ 900 దాకా ఉంటే, పురపాలక విద్యుత్ సంస్థలు మరో రెండు వేలు. చాలాచోట్ల కంప్యూటర్లు చూసేది ఒకరో ఇద్దరో. పైగా గ్రిడ్ భద్రతా నిబంధనలు ప్రధానంగా పెద్ద లైన్లకే. ఊళ్లకు కరెంటు పంచే చిన్నసంస్థల్లో చాలావాటికి అవి వర్తించవు.

వీటికోసమే 2021 మౌలిక వసతుల చట్టంలో 25 కోట్ల డాలర్లు పక్కన పెట్టారు. అయిదేళ్లలో ఖర్చుపెట్టాల్సిన సొమ్ము. ఇంధన శాఖ దీన్ని నిధులుగా, సాంకేతిక సాయంగా, సిబ్బంది శిక్షణగా ఇవ్వాలన్నది ఏర్పాటు. వినడానికి పెద్దమొత్తమే. అన్నిటికీ సమానంగా పంచితే మాత్రం ఒక్కోదానికి 90 వేల డాలర్లు కూడా రావు. అక్కడ సైబర్ నిపుణుడి ఏడాది జీతమే అంతకన్నా ఎక్కువ! ఒక్క కంపెనీ మూడేళ్లకు 10 కోట్లు అనుకున్నచోట దేశంలోని చిన్నసంస్థలన్నిటికీ 25 కోట్లు. అదీ సైబర్ భద్రతకే, గోడలకూ కెమెరాలకూ కాదు. వాటి ఖర్చు చివరికి వినియోగదారుల బిల్లులోకే వస్తుంది.

మన దగ్గరా బెడద మొదలైంది. 2019లో తెలుగు రాష్ట్రాల పంపిణీ సంస్థల కంప్యూటర్లలోకి, డబ్బిస్తేనే వదులుతామనే రాన్సమ్‌వేర్ చొరబడి వెబ్‌సైట్లు ఆగిపోయాయి. సరఫరాకు మాత్రం ఇబ్బంది రాలేదు. 2021లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు జారీచేసింది. ప్రతి సంస్థా సమాచార భద్రత కోసం ప్రత్యేకంగా ఓ అధికారిని నియమించాలంది. బాగానే ఉంది. కానీ ఆయన కింద పనిచేసేవాళ్లకీ, పరికరాలకీ డబ్బులు కావాలి. ఏళ్లతరబడి నష్టాల్లో ఉన్న డిస్కంలకు అదే కష్టం.