నేల, నీడ, గణకయంత్రం

రోహిణీ కార్తెలో రాజమహేంద్రవరాన డాబా ఇంటి పై అంతస్తులో కాపురమున్నవారికి ఇంటి వేడిమిని గూర్చి వేరుగా బోధింపనక్కరలేదు. రాత్రి పది దాటినా శ్లాబు సెగ చల్లారదు. అదే వీధిలో పెంకుటింటి వసారాలో మంచం వాల్చుకొన్నవారు కొంత హాయిగానే నిద్రిస్తారు. ఈ భేదాన్ని ఇల్లు కట్టక ముందే లెక్కగట్టి తెలుసుకొనవచ్చునా?

తెలుసుకొనవచ్చును. అమెరికా ఇంధన శాఖ 2001లో విడుదల చేసిన ఎనర్జీప్లస్ వంటి కంప్యూటర్ ప్రోగ్రాములు ఆ పనికి ఉద్దేశింపబడినవే. ఇంటి కొలతలను, ఊరి వాతావరణ వివరాలను అందిస్తే, ఏడాదిలో ప్రతి గంటకూ గదిలో వేడి ఎంతో, ఎ.సి.కి విద్యుత్తు ఎంత కావలెనో అవి చెబుతాయి. అయితే గణకయంత్రానికి మన ఊరు తెలియదు. మనం చెప్పినదే నమ్ముతుంది. పొరపాటు పడుటకు ఎక్కువ అవకాశమున్నవి రెండు: కాలి క్రింది నేల, గోడ మీది నీడ.

మొదట నేల సంగతి. పైగదిలోను, క్రిందిగదిలోను ఒకే వేడిమి ఉంటే నడిమి శ్లాబు గుండా ఉష్ణం ప్రవహించదు. దానిని బయటి గాలికి తగిలే శ్లాబుగా చూపితే లెక్క తప్పుతుంది. మట్టిని తాకే నేల తీరు వేరు. దాని క్రింది ఉష్ణోగ్రతను మనం పేర్కొనకుంటే ఎనర్జీప్లస్ తనంత తాను 18 డిగ్రీలని భావిస్తుంది. మన గోదావరి తీరాన ఏడాది సగటు వేడిమియే సుమారు 28 డిగ్రీలు. లోతున మట్టి వేడిమి కూడ దానికి దగ్గరగానే ఉంటుంది. ఈ పది డిగ్రీల వ్యత్యాసం వలన లేని చల్లదనం కాగితం మీద కనిపిస్తుంది. ఆ కాగితాన్ని నమ్మి కట్టిన ఇంటిలో ఉడికిపోయేది మాత్రం మనుషులు.

ఇక నీడ. సన్‌షేడు, ఎదుటి మేడ, చెట్టు - వీటిని ప్రోగ్రాము ఎండను అడ్డగించే పలకలుగా మాత్రమే గ్రహిస్తుంది. ఆకుల సందున దిగే ఎండ పాలును కూడ మనమే చెప్పవలె. కోనసీమ కొబ్బరితోటలోని ఇంటిని చెట్లు లేకుండ చూపితే అది వేరొక ఇల్లే అవుతుంది.

నీడకు దిక్కు ప్రధానం. డిసెంబరు మధ్యాహ్నం మన ఊళ్ళలో సూర్యుడు దక్షిణాన దాదాపు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు; రెండడుగుల సన్‌షేడు దక్షిణపు గోడపై రెండడుగులకు మించి నీడనిస్తుంది. మే నెల సాయంత్రం నాలుగింటికి పడమట ఆ ఎత్తు 33 డిగ్రీలే. అదే సన్‌షేడు నీడ అడుగున్నరయినా దిగదు. పడమటి గోడకు వసారాయో, చెట్టో, తాటాకు తడికో కావలె. మన పెద్దలు ఈ లెక్కను కాగితం మీద వేయలేదు, కట్టి చూపినారు.

కావున కమిటీ పెద్దలకొక మనవి. కొత్త తరగతి గదులకు ప్లాను గీయించునప్పుడు నేల వేడిమి ఎంత వ్రాసినారో, పడమటి నీడను చూపినారో లేదో అడగండి. విద్యార్థులారా! ఒక కఱ్ఱ, ఒక టేపు చాలు. సాయంత్రం నాలుగింటికి మీ ఇంటి నీడను కొలవండి. యంత్రానికి నిజం చెప్పగలవాడే దాని నుండి నిజం రాబట్టగలడు.