ఆరో వేలు



అయిదు వేళ్లూ ఒక్కలా ఉండవని పెద్దల మాట. మరి ఆరో వేలు ఉంటే? అది అదృష్టమని కొందరంటారు, అరిష్టమని కొందరంటారు. 2019లో మన గంజాం జిల్లాలోని ఒక వృద్ధురాలి సంగతి పత్రికల్లో వచ్చింది. పుట్టుకతోనే ఆమె చేతులకు 12 వేళ్లు, కాళ్లకు ఇంకా ఎక్కువ. ఇరుగుపొరుగువారు మంత్రగత్తె అని ఆమెను దూరం పెట్టారు. కాబట్టి ఈ అదనపు వేలు సంగతేమిటో తెలుసుకుందాం.

ముందు మన పొలంగట్టు మీది కప్పను చూడండి. ముందుకాళ్లకు నాలుగేసి వేళ్లు, వెనుకకాళ్లకు అయిదేసి. వెనుకపాదం లోపలి అంచున, మొదటి వేలి పక్కనే, చిన్న బుడిపె ఉంటుంది. లోపల వేలికి మల్లే చిన్న ఆధారం ఉంటుంది. ఎదగని వేలు లాంటిదన్నమాట. మట్టిలో దాక్కునే కప్పలకు ఈ బుడిపె పారలా గట్టిపడింది. దాంతో మట్టిని తోసుకుంటూ వెనక్కి వెనక్కి నేలలోకి దిగిపోతాయి.

ఏనుగుకూ ఇలాంటిదే ఉంది. దాని పాదం వెనుక మెత్తటి కొవ్వు దిండులో ఆరో వేలు లాంటి ఎముక ఉండి బరువు మోయడానికి సాయపడుతుంది. ఈ సంగతిని 2011లో లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ శాస్త్రవేత్త జాన్ హచిన్సన్ బృందం వివరించింది. చైనా పాండా వెదురు పట్టుకునే ‘బొటనవేలు’ కూడా నిజానికి పెరిగిన మణికట్టు ఎముకే.

ఇవి ఆయా జాతులన్నిటికీ ఉండే ఏర్పాట్లు, అసలైన వేళ్లు కావు. మనిషి ఆరో వేలు కథ వేరు. తల్లి కడుపులో రెండో నెలలో బిడ్డ చెయ్యి తెడ్డులా ఉంటుంది. అది వేళ్లుగా విడివడేటప్పుడు జన్యువుల సంకేతాల్లో చిన్న తేడా వస్తే ఒక వేలు ఎక్కువవుతుంది. తరచు ఇది వంశంలో వస్తుంది. గ్రహణం వల్లా కాదు, తల్లి చేసిన పాపం వల్లా కాదు.

బిడ్డకు అదనపు వేలుంటే ఇంట్లో దారం బిగించి ఊడగొట్టే ప్రయత్నం చేయకండి. రక్తం పోవచ్చు, చీము పట్టవచ్చు. బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రి వంటి చోట చూపించండి. తీసేయాలా, ఉంచాలా అన్నది డాక్టరు చెబుతారు.

ఇక మంత్రగత్తె అని ముద్రవేసి వేధించడం నేరం. ఒడిశాలో ఇందుకోసం 2013లోనే ప్రత్యేక చట్టం చేశారు. మీ వీధిలో అలాంటివారుంటే వెళ్లి పలకరించండి. మీరు గడప తొక్కితే నలుగురూ తొక్కుతారు.