చేతి కదలికకు సాక్షి

ఇప్పుడు దొరికే ఏ మౌసునైనా వెల్లకిలా తిప్పి చూడండి. అడుగున చిన్న కిటికీ ఉంటుంది. దాని వెనక ఉన్నది కెమెరా. బల్ల మీద మహా అయితే ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర మాత్రమే చూస్తూ, సెకనుకు వేల ఫొటోలు తీసి, తీసినవి తీసినట్టే పారేసే కెమెరా. ఒక ఫొటోకూ దాని వెనకాలే వచ్చిన ఫొటోకూ మధ్య బల్ల మీది గరుకు ఎటు జరిగింది, ఎంత జరిగింది అని పక్కనున్న చిప్ లెక్క కడుతుంది. తెర మీద బాణం గుర్తు కదిలేది ఆ లెక్క ప్రకారమే.

పెట్టె మీద గేమింగ్ మౌస్ అని రాసినా, మామూలు మౌస్ అని రాసినా లోపల జరిగేది ఇదే. మరి రెండు మూడు వందలకు వచ్చే దానికీ, వేలు పోసి కొనే దానికీ తేడా ఎక్కడుంది? ములుగులో ఉండే మా అక్క కొడుకు ఇన్నాళ్లూ ఫోన్లో ఫ్రీ ఫైర్ ఆడి, ఈ మధ్యనే కంప్యూటర్ మీద వాలొరెంట్ అనే షూటింగ్ ఆటకు వచ్చాడు. "మామా, ఇరవై ఆరు వేల డీపీఐది తీస్కోవాల్నా, పన్నెండు వేలదైనా నడుస్తదా?" అని అడిగాడు. "ముందు నీ చెయ్యెంత పొడుగుందో కొలువు బిడ్డా" అన్నాను. నేను మాట దాటేస్తున్నాననుకున్నాడు. కానీ వాడి ప్రశ్నకు జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది. మౌస్ కథంతా చేతికీ తెరకూ మధ్య నిలబడి, చెయ్యి చేసినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పే సాక్షిని తయారు చేసుకున్న కథ. సాక్షి చూసింది దాచకూడదు, చూడనిది కలపకూడదు, చెప్పాల్సిన వేళకు ఆలస్యం చేయకూడదు.

1964లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించినదాన్ని ఇంజనీరు బిల్ ఇంగ్లిష్ చెక్కతో చేసి చూపించాడు. చేతిలో ఇమిడే చెక్క దిమ్మ, పైన ఒక్కటే బటన్, అడుగున ఒకదానికొకటి అడ్డంగా బిగించిన రెండు లోహపు చక్రాలు. పక్కకు జరిపితే ఒక చక్రం తిరుగుతుంది, ముందుకు నెడితే రెండోది తిరుగుతుంది. ఐమూలగా లాగితే రెండూ తమ వాటా మేరకు తిరుగుతాయి, మిగతాది జారుతాయి. తిరిగినంత మేరా కరెంటు సంకేతంగా మారి కంప్యూటరుకు చేరుతుంది.

ఆ తర్వాత వాళ్లు చేసిన పని నాకు చాలా ఇష్టం. తాము చేసిన వస్తువు గనక అదే గొప్పదని అనుకోలేదు. తెర మీద ఆనించే లైట్ పెన్‌ను, జాయ్‌స్టిక్‌ను, బల్ల కింద మోకాలితో కదిపే ఒక పరికరాన్ని, మౌస్‌ను వరసగా పెట్టారు. మనుషుల్ని కూర్చోబెట్టి, తెర మీద చూపించిన అక్షరాన్ని అందుకోవడానికి ఎంతసేపు పడుతోంది, ఎన్నిసార్లు గురి తప్పుతోంది అని కొలిచారు. ఈ పరీక్షలకు నాసా డబ్బిచ్చింది. అలవాటు పడ్డవాళ్ల చేతిలో మౌస్ అన్నింటినీ దాటేసింది. కొత్తగా పట్టుకున్నవాళ్ల చేతిలో మాత్రం లైట్ పెన్, మోకాలి పరికరం కూడా దానికి తీసిపోలేదు. అంటే గురి, వేగం అనే రెండు కొలతల మీదే మౌస్ బతికి బట్టకట్టింది. ఇవాళ షూటింగ్ ఆట ఆడే కుర్రాడు అడిగేదీ ఆ రెండే.

9 డిసెంబర్ 1968న శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద సభ ముందు ఎంగెల్‌బార్ట్ దాన్ని నడిపి చూపాడు. 17 నవంబర్ 1970న పేటెంటు వచ్చింది. ఇళ్లల్లోకి, ఆఫీసుల్లోకి మౌసులు వరదలా వచ్చే నాటికి, అంటే 1987కు, ఆ పేటెంటు గడువు తీరిపోయింది. ఆ పేటెంటు మీద ఎంగెల్‌బార్ట్‌కు రాయల్టీ ఏమీ ముట్టలేదు. ఇంత మంది చేతుల్లో తిరిగిన వస్తువు విషయంలో ఇది నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

చక్రాల స్థానంలో బంతి వచ్చింది. 1968లోనే జర్మనీలో టెలిఫుంకెన్ కంపెనీ బంతితో నడిచేది అమ్మకానికి పెట్టింది. బిల్ ఇంగ్లిష్ జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలకు మారాక అక్కడా బంతి మౌస్ చేశాడు. 1984లో ఆపిల్ మెకింటాష్‌తో అది ఇళ్లల్లోకి వచ్చింది. 2000 ప్రాంతంలో మన ఊళ్ల నెట్ సెంటర్లలో కూర్చున్న వాళ్లందరికీ ఈ బంతి తెలుసు. అడుగున మూత తిప్పితే రబ్బరు తొడుగున్న బరువైన గుండు చేతిలో పడేది. లోపల రెండు సన్నటి రోలర్లు, వాటి చివర చీలికలున్న చిన్న బిళ్లలు. బంతి రోలర్ను తిప్పుతుంది, బిళ్ల తిరుగుతుంది, చీలికల్లోంచి వెలుతురు పడుతూ ఆగుతూ ఉంటుంది. ఎన్నిసార్లు పడిందన్నదే లెక్క. బల్ల మీది దుమ్ము, చేతి చెమట, జిడ్డు కలిసి రోలర్ మీద నల్లటి పట్టీలా పేరుకునేవి. అప్పుడు బంతి దొర్లకుండా జారేది; చెయ్యి కదిలినా బాణం కదిలేది కాదు. గోటితో ఆ పట్టీని గీకి తీయడం ఒక తరానికంతా వచ్చిన విద్య.

ఆటల వాళ్ల చెయ్యి మౌస్ మీద పడింది సరిగ్గా ఈ బంతి కాలంలోనే. 1993లో వచ్చిన డూమ్‌ను చాలామంది ఒక్క కీబోర్డుతోనే ఆడేవాళ్లు. 1996లో క్వేక్ వచ్చాక తల పైకీ కిందికీ తిప్పి చూడాల్సిన అవసరం పడింది. ఎడమచెయ్యి కీబోర్డు మీద, కుడిచెయ్యి మౌస్ మీద పెట్టి ఆడే పద్ధతికి పేరు తెచ్చినవాడు థ్రెష్ అనే మారుపేరుతో ఆడిన డెనిస్ ఫాంగ్. 1997లో క్వేక్ పోటీ గెలిచి, ఆ ఆట చేసినవాళ్లలో ఒకడైన జాన్ కార్మాక్ సొంత ఫెరారీ కారును బహుమతిగా తీసుకెళ్లాడు. 1999లో రేజర్ కంపెనీ బూమ్‌స్లాంగ్ అనే మౌస్ తెచ్చింది. ఆటల కోసమే ప్రత్యేకంగా చేసిన మొదటి మౌస్‌గా దాన్నే చెబుతారు. అదీ బంతిదే.

అదే 1999లో బంతి అవసరం తీరిపోయింది. వెలుతురుతో చూసే మౌసులు అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1980 ప్రాంతంలో, రిచర్డ్ లయన్, స్టీవ్ కిర్ష్ వేరువేరుగా చేసినవి ఉన్నాయి గానీ, వాటికి ప్రత్యేకమైన గుర్తులు అచ్చువేసిన పలక కావాలి. హ్యూలెట్ ప్యాకర్డ్ ఇంజనీర్లు కాగితం మీద చేత్తో జరిపే స్కానర్ కోసం ఒక ఉపాయం కనిపెట్టారు. కాగితంలోని నారలనే గుర్తులుగా వాడుకోవడం ఆ ఉపాయం. ఆ దారిలో వచ్చిన చిప్‌తో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరర్ తెచ్చింది. సెకనుకు 1500 ఫొటోలు.

ఎర్రటి బల్బు వెలుతురు ఏటవాలుగా పడటానికి కారణం ఉంది. నిటారుగా పడితే నీడలుండవు. ఏటవాలుగా పడితే కంటికి కనపడని చిన్న చిన్న గుంటలకూ గడ్డలకూ నీడలు పడతాయి. మౌస్ చూసేది ఆ నీడలనే. అందుకే దానికి గరుకు కావాలి. మా ములుగుకు దగ్గర్లోనే పాలంపేట రామప్ప గుడి ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిలో నల్లరాతి మదనికల నునుపు చూసి ముచ్చటపడని వాళ్లుండరు. మౌస్‌కు మాత్రం అంతటి నునుపు పనికిరాదు. ఇంట్లో మెరుగు పెట్టిన నల్ల గ్రానైటు మీదనో, అద్దం బల్ల మీదనో పెట్టి మౌస్ పాడైందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మౌస్ బాగానే ఉంటుంది, చూడటానికి అక్కడ నీడలే లేవు. ముందు ఒక గుడ్డ ప్యాడ్ కొనండి. మౌస్ మీద ఖర్చు తగ్గించైనా సరే, వెడల్పుగా ఉన్నదే కొనండి.

మొదటి వెలుతురు మౌసులకు ఒక లోపం ఉండేది. సెకనుకు సుమారు 30 సెంటీమీటర్ల వేగం దాటితే వాటికి లెక్క తప్పేది. కారణం తేలికే. చెయ్యి మరీ వేగంగా వెళితే, ఒక ఫొటోలో ఉన్న గుర్తులు తర్వాతి ఫొటోకు దాటిపోతాయి. పోల్చడానికి ఉమ్మడి భాగం మిగలదు. శత్రువు వెనక నుంచి వచ్చాడని చెయ్యి విసిరితే తెర ఆకాశాన్నో నేలనో చూసేది. పదిహేనేళ్ల పాటు ఇంజనీర్లు దీని మీదే పనిచేశారు. 2015 తర్వాత మంచి గేమింగ్ మౌసుల్లో కనిపించే పిక్సార్ట్ 3360 లాంటి సెన్సర్లు సెకనుకు ఆరు మీటర్ల పైన వేగాన్ని తట్టుకుంటాయి. ఏ మనిషి చెయ్యీ బల్ల మీద అంత వేగంగా వెళ్లదు. ఆ లోపం తీరినట్టే.

సెన్సర్ సంగతి ఒక కొలిక్కి వచ్చాక అమ్మేవాళ్లకు చెప్పుకోవడానికి ఒక పెద్ద అంకె కావాలి. ఆ అంకే డీపీఐ. మౌస్‌ను ఒక అంగుళం జరిపితే అది ఎన్ని అడుగులు లెక్కపెడుతుందన్నది డీపీఐ. తెర మీద అడ్డంగా 1920 చుక్కలున్నాయనుకుందాం. 800 డీపీఐలో చివరి నుంచి చివరికి వెళ్లడానికి చెయ్యి ఆరు సెంటీమీటర్లు జరగాలి. 26,000 డీపీఐలో రెండు మిల్లీమీటర్లు చాలు. రెండు మిల్లీమీటర్లలో ఎవరు గురి చూస్తారు? గుండె కొట్టుకుంటే వేలు అదిరే అదురు కూడా తెర మీదికి వచ్చేస్తుంది. ఆటలో సెన్సిటివిటీ తగ్గించుకుంటాం కదా అంటారు. తగ్గించుకోవచ్చు, మరి ఆ అంకెకు డబ్బెందుకు పెట్టినట్టు? పోటీల్లో ఆడే షూటర్ ఆటగాళ్లలో ఎక్కువమంది 400, 800, 1600 దగ్గరే ఉంటారు. తక్కువ ధర మౌసుల్లో ఇంకో బెడద ఉంది. సెన్సర్ చూసిన ఒక్క అడుగును చిప్ నాలుగుగా చేసి చెప్పి పెద్ద అంకె చూపిస్తుంది. చూడనిది కలిపి చెప్పడమంటే ఇదే.

ఆలస్యం విషయానికొస్తే, మామూలు మౌస్ కంప్యూటరుకు సెకనుకు 125 సార్లు కబురు చెబుతుంది, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి. గేమింగ్ మౌస్ 1000 సార్లు చెబుతుంది, మిల్లీసెకనుకు ఒకసారి. ఈ తేడా నిజమైనది, దీనికి డబ్బు పెట్టవచ్చు. ఇప్పుడు 8000 అని కూడా వస్తున్నాయి. 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకు ఒక బొమ్మ మారుస్తుంది. అలాంటి తెర ముందు 8000కు పోవడం దండగ. వైర్‌లెస్ కావాలంటే చిన్న డాంగిల్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్‌ది చూడండి. బ్లూటూత్ ఆఫీసు పనికి చాలు, షూటింగ్ ఆటకు నెమ్మది.

క్లిక్ సంగతి ఎవరూ ముందు అడగరు, ఏడాది తర్వాత అందరూ బాధపడతారు. బటన్ కింద సన్నటి రాగి రేకు ఉంటుంది. నొక్కగానే అది తగిలి, ఒకటి రెండుసార్లు ఎగిరి, అప్పుడు కుదురుకుంటుంది. ఆ ఎగురుళ్లను క్లిక్కులుగా లెక్కించకుండా చిప్ కొన్ని మిల్లీసెకన్లు ఆగుతుంది. రేకు అరిగి, తేమకు పొర పట్టాక ఎగురుళ్లు ఎక్కువవుతాయి, ఒక్క నొక్కుకు రెండు క్లిక్కులు పడతాయి. 2023 జూలైలో మా జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఇటువంటి చోట తేమ గురించి ఆలోచించి కొనడమే మంచిది. రేకుకు బదులు వెలుతురు గీతను అడ్డగించి పనిచేసే ఆప్టికల్ స్విచ్‌లు వచ్చాయి. వాటికి ఈ జబ్బు రాదు. స్తోమతు ఉంటే అవే తీసుకోండి.

బరువు కూడా చూడాలి. పూర్వం గేమింగ్ మౌస్‌లో కంపెనీవాళ్లే తూకం బిళ్లలు పెట్టి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు 60 గ్రాముల చుట్టూ ఉన్నవి చాలా ఉన్నాయి. విసిరిన చెయ్యిని సరిగ్గా గురి దగ్గర ఆపాలంటే తేలికది నయం. వేల సార్లు ఎత్తి పెట్టే మణికట్టుకూ నయం.

ఇక చెయ్యి. మధ్యవేలి కొస నుంచి మణికట్టు గీత దాకా స్కేలుతో కొలవండి. పట్టు ఎలాంటిదో చూసుకోండి. అరచెయ్యంతా ఆనించి పట్టేవాళ్లకు వీపు ఎత్తుగా ఉన్న పెద్ద మౌస్ కావాలి. వేళ్లు మడిచి పట్టేవాళ్లకు దానికంటే కురచది సరిపోతుంది. వేలి కొసలతోనే ఆడేవాళ్లకు చిన్నది, తేలికది ఉండాలి. ఎడమచేతి వాటం వాళ్లు రెండు పక్కలా ఒకేలా ఉన్న ఆకారం అడగాలి. ఇప్పుడు పదుల కొద్దీ మౌసుల్లో ఒకే మంచి సెన్సర్ ఉంటోంది. ఆకారం మాత్రం దేనిది దానిదే. అందుకే మా వాడికి ముందు అదే చెప్పాను.

ఇదంతా ఉత్త కాలక్షేపం కోసం కాదు. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే కంప్యూటర్ ఆటల పోటీలను, క్రీడల శాఖ కిందికి తెచ్చింది. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ ఈ-స్పోర్ట్స్ పోటీల్లో డోటా 2లో మన జట్టు కాంస్యం తెచ్చింది. ములుగు పిల్లలు ఈ ఆటలను పట్టుగా నేర్చుకుంటామంటే నేను సంతోషిస్తాను. వాళ్లకు సరైన పనిముట్టు అందాలి.

కొన్నాక ఇంట్లో చేయాల్సిన పనులు రెండున్నాయి. విండోస్‌లో మౌస్ సెట్టింగ్స్ తెరిచి, ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ అన్న చోట టిక్ తీసేయండి. అది ఉంటే చెయ్యి వేగాన్ని బట్టి బాణం దూరం మారుతుంది, చేతికి కొలత అలవాటు కాదు. తర్వాత ఒక పాత సీడీ మీద మౌస్ అంచులు ఆనించి, మధ్య రంధ్రంలోంచి సెన్సర్ ప్యాడ్‌ను చూసేలా పెట్టి కదపండి. రెండు సీడీలు పేర్చినా బాణం ఇంకా కదులుతుంటే, ఎత్తి పెట్టినప్పుడల్లా గురి చెదురుతుంది. మౌస్ సాఫ్ట్‌వేర్‌లో సెన్సర్ చూసే ఎత్తు తగ్గించే వీలుందేమో చూడండి.

ములుగులో అన్ని రకాలూ దొరకవు. ఫోన్లో ఆర్డర్ పెట్టే ముందు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న హన్మకొండకో, పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకో వెళ్లి పట్టి చూడండి. షాపులో పెట్టె విప్పనివ్వకపోతే బయట పెట్టిన నమూనా ఇవ్వమనండి. మొహమాటపడకుండా రెండు నిమిషాలు పట్టుకోండి. చిటికెనవేలు బల్లకు రాసుకుంటోందా, ఎత్తినప్పుడు పక్కలు జారుతున్నాయా, పట్టు సడలకుండా బొటనవేలికి పక్క బటన్ అందుతోందా చూడండి. అందకపోతే అది ఎంత పేరున్న కంపెనీదైనా పక్కన పెట్టి ఇంకోటి అడగండి.