అండ మారినా ఆగని 108

మనలో చాలామంది అమ్మానాన్నలు ఊళ్లో ఒంటరిగా ఉంటున్నారు. అర్ధరాత్రి వాళ్లలో ఎవరికైనా గుండెలో నొప్పి వస్తే ముందుగా గుమ్మంలోకి వచ్చేది మనం కాదు, 108 బండి. ఈ సంచికలో ఆ సేవ గురించి రాయాలనిపించింది అందుకే.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈ సేవ మొదలైంది. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు కుటుంబం ఈఎంఆర్ఐ పేరుతో లాభాపేక్ష లేని సంస్థను నెలకొల్పింది. సాంకేతిక సాయం సత్యం చేసింది. తర్వాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం నిర్వహణ ఖర్చులో సింహభాగం తలకెత్తుకోవడంతో బండ్లు మారుమూల మండలాలకూ చేరాయి. వై.ఎస్. సభల్లో చేతులూపుతూ సైరన్‌లా పలికిన ‘కుయ్ కుయ్’ ఇప్పటికీ జనం నోట్లో ఉంది.

ఫోన్ ఎత్తినవాళ్లు ముందు ఊరు, మండలం అడుగుతారు, ఆ తర్వాత గుర్తు: రామాలయం పక్కనా, వాటర్ ట్యాంకు దగ్గరా? ఇటు మాట సాగుతుండగానే అటు దగ్గర్లోని బండికి కబురు వెళుతుంది. బండి నడిపే మనిషిని డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. వెనక రోగి పక్కన టెక్నీషియన్ ఉంటాడు, అవసరమైతే కేంద్రంలోని డాక్టర్ ఫోన్‌లో దారి చెబుతారు. ఆసుపత్రికి చేరేలోపు ఆ బండిలోనే పుట్టిన బిడ్డలు ఎందరో.

2009 జనవరి 7న రామలింగరాజు సత్యం లెక్కల్లో మోసం జరిగిందని ఒప్పుకున్నారు. వెన్నుదన్నుగా ఉన్న కంపెనీయే కుప్పకూలింది. అయినా 108 మోగుతూనే ఉంది. ఈఎంఆర్ఐ విడి సంస్థ కావడం, ఖర్చులో ఎక్కువ భాగం ఖజానా నుంచి వస్తుండటం దాన్ని కాపాడాయని నా నమ్మకం. అదే ఏడాది జీవీకే గ్రూపు పగ్గాలు అందుకుంది. ఫోన్‌లో ఆరోగ్య సలహాలిచ్చే 104 సేవ నడిపిన హెచ్ఎంఆర్ఐ కూడా సత్యం నీడలో పుట్టిందే. అది పిరమల్ ఫౌండేషన్ చేతికి వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలైలో 108 నిర్వహణ అరబిందో వాళ్లకు మారింది. వ్యాపార సంస్థలు వచ్చాయి, వెళ్లాయి, నంబరు మాత్రం మారలేదు.

అలాగని అంతా సాఫీగా సాగిందనలేం. జీతాలు అందలేదని సిబ్బంది రోడ్డెక్కిన రోజులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. కొత్త బండికి జెండా ఊపితే ఫొటో వస్తుంది. టైర్లకు, డీజిల్‌కు, ఆక్సిజన్‌కు, రాత్రి డ్యూటీ చేసే పైలట్ జీతానికి నెలనెలా డబ్బు కావాలి. ఇలాంటి సేవలకు చేయూతనివ్వాలనుకునే మన సంఘాలు, మన వ్యాపార మిత్రులు ఒక్కసారి ఇచ్చే పెద్ద చెక్కు కన్నా ఏళ్ల తరబడి ఆగకుండా ఇచ్చే చిన్న మొత్తానికి మాటివ్వడం మేలు. బండి వచ్చేలోపు ఏం చేయాలో తెలిసేలా ఊళ్లో కుర్రాళ్లకు సీపీఆర్ నేర్పించడానికి ఆ డబ్బు పెడితే ఇంకా సంతోషిస్తాను.

మరో మాట. ఊరికి దూరంగా మనం ఉండే చోటు నుంచి 108 కొడితే ఊళ్లో మోగదు. కాబట్టి పక్కింటివాళ్ల నంబర్లు రెండు మన ఫోన్‌లో ఉండాలి. ఇంటి గుర్తు, నాన్న వేసుకునే మందుల పేర్లు రాసిన కాగితం వాళ్ల దగ్గర ఉండాలి. ఈసారి ఊరెళ్లినప్పుడు ముందు ఆ పని చూసుకోండి.